చద్దిమూటా, సత్రం భోజనమూ

2004 వేసవిలో నాకొక చిన్న కోరిక పుట్టింది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో అప్పటికే లినక్సు ఎక్కించుకుని ఉన్నాను. అందులో తెలుగు అక్షరాలను సరిగా చూపించే ఎడిటర్ ఒకటి పెట్టుకోవాలి. ఇంటికి ఇంటర్నెట్ లేదు. తెనాలి వెళ్ళి, నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని, ఆ ప్రోగ్రాము ప్యాకేజీని ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని బస్సులో తిరిగి వచ్చాను. తీరా స్థాపించబోతే, ఫలానా లైబ్రరీ లేదు కనుక కుదరదంది. మర్నాడు మళ్ళీ తెనాలి. ఆ లైబ్రరీ తెస్తే అది మరో లైబ్రరీని అడిగింది. మూడోనాడు దాన్నీ తెచ్చాను. అది నా దగ్గర అప్పటికే ఉన్న ఇంకొక లైబ్రరీకి కొత్త కూర్పు కావాలంది. కొత్త కూర్పు పెడితే అంతవరకూ చక్కగా పనిచేస్తున్న రెండు ప్రోగ్రాములు మూలబడతాయని కూడా హెచ్చరించింది. ఇంట్లోవాళ్ళు "రోజూ తెనాలిలో నీకేం పని?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆనాటి విసుగు తరవాత కుతూహలంగా మారింది. ఒకరు రాసిన ప్రోగ్రాము మరొకరి యంత్రంలోకి చేరడానికి ఇంత తతంగం ఎందుకు? అన్నీ ఒకే మూటలో కట్టి ఇవ్వవచ్చు కదా? ఈ ప్రశ్న నాకొక్కడికే పుట్టినది కాదనీ, దీని చుట్టూ నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉందనీ చదివిన కొద్దీ తెలిసింది. ఆ కథ ఎక్కడా తెలుగులో ఒకచోట నా కంట పడలేదు. అందుకే ఈ టపా.

పూర్వం దూరప్రయాణం చేసేవాడి ముందు రెండు మార్గాలుండేవి. ఉప్పూ పప్పూ సహా అన్నీ మూటగట్టుకుని బయలుదేరడం ఒకటి. దారిలో సత్రాలున్నాయన్న నమ్మకంతో చేతులూపుకుంటూ వెళ్ళడం రెండోది. మొదటిదానిలో బరువు, రెండోదానిలో అనిశ్చితి. ప్రోగ్రాముల ప్రయాణం కూడా మొదటినుంచీ ఈ రెంటి మధ్యనే ఊగిసలాడుతోంది.

మూట కట్టడం అనే పనికి ఒక స్థిరమైన రూపం ఇచ్చినది టార్. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పుతో అది లోకానికి పరిచయమైంది. టేప్ ఆర్కైవ్ అన్న మాటలను కుదిస్తే వచ్చిన పేరది. అయస్కాంతపు టేపు మీద ఫైళ్ళను వరసగా పేర్చడానికి పుట్టింది కాబట్టి దాని నిర్మాణమంతా టేపు స్వభావాన్ని అనుసరించే ఉంటుంది. ప్రతి ఫైలుకూ ముందు 512 బైట్ల చీటీ ఒకటి. ఫైలు పేరు, యజమాని, అనుమతులు, పరిమాణం అందులో ఉంటాయి. ఆ వెనుక అసలు ఫైలు, అదీ 512 బైట్ల గళ్ళలోనే. మిగిలిన జాగాను సున్నాలతో నింపుతారు. టేపులు మూలబడి ఎన్నో ఏళ్ళయినా ఆ గళ్ళు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

టార్ కట్టడమే తప్ప కుదించడం ఎరుగదు. ఆ పనికి 1992లో ఝాఁ-లూ గేయీ, మార్క్ ఆడ్లర్ కలిసి జీజిప్ తెచ్చారు. ఈ రెండూ కలిస్తే వచ్చిన మూటనే టార్‌బాల్ అనడం అలవాటయింది. దాన్ని విప్పి, అందులోని సోర్సు కోడును మన యంత్రానికి తగ్గట్టు మనమే కంపైల్ చేసుకోవాలి. ఈ పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. మూట విప్పిన తరవాత ఏ ఫైలు ఏ మూలకు చేరిందో ఎవరూ రాసిపెట్టరు. వద్దనుకున్నప్పుడు తీసివేయడానికి దారి ఉండదు. అతిథి ఇంటికి రావడమే తప్ప పోవడం తెలియదన్నమాట.

ఇదే కాలంలో యూజ్‌నెట్‌లో మరొక విచిత్రమైన మూట చలామణీ అయ్యేది. దాని పేరు షార్, అంటే షెల్ ఆర్కైవ్. ఈమెయిలులాంటి మామూలు పాఠ్యంగానే ప్రయాణించేది. అందుకున్నవారు దాన్ని షెల్‌కు అప్పగిస్తే చాలు, తనను తానే విప్పుకుని ఫైళ్ళను తయారు చేసేది. విప్పడానికి వేరే పరికరం అక్కరలేదు. సౌకర్యమే గానీ ఇందులో ఒక మెలిక ఉంది. షార్ మూటను విప్పడం అంటే అందులోని ఆదేశాలను నడపడమే. పంపినవాడు దుర్మార్గుడైతే, లోపల ఏముందో చూద్దామని విప్పిన క్షణంలోనే నష్టం జరిగిపోతుంది. ఈ మెలికను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇది కథ చివర మళ్ళీ ఎదురవుతుంది.

వ్యక్తిగత కంప్యూటర్ల లోకంలో కథ కొంచెం విషాదంగా నడిచింది. 1985 ప్రాంతంలో థామ్ హెండర్సన్ స్థాపించిన ఎస్ఈఏ సంస్థ ఆర్క్ అనే మూటను ప్రచారంలోకి తెచ్చింది. ఫిల్ కాట్జ్ అనే యువకుడు దానికన్నా వేగంగా అదే పని చేసే పీకేఆర్క్ రాశాడు. తమ సోర్సు కోడును వాడుకున్నాడంటూ ఎస్ఈఏ 1988లో దావా వేసింది. వ్యవహారం రాజీతో ముగిసింది. కాట్జ్ ఆ ఆర్క్ రూపాన్నే వదిలిపెట్టి 1989లో జిప్ అనే కొత్త రూపాన్ని తెచ్చాడు. దాని వివరాలను ఎవరైనా వాడుకోవచ్చంటూ బయటపెట్టాడు. ఆ ఒక్క నిర్ణయంతో జిప్ ప్రపంచమంతా పాకింది. 2000 ఏప్రిల్‌లో మిల్వాకీ నగరంలోని ఒక హోటలు గదిలో కాట్జ్ మరణించాడు. వయసు 37. మద్యం అతన్ని తినేసింది.

జిప్ ఫైలు తెరిచి చూస్తే మొదటి రెండు బైట్లు పీ, కే అనే అక్షరాలు. అవి అతని పొడి అక్షరాలే. 1997లో జావా తెచ్చిన జార్ మూటా జిప్పే. ఓపెన్ ఆఫీసు పత్రాలూ, ఈపబ్ పుస్తకాలూ జిప్పే. ఆండ్రాయిడ్ ఫోనులోకి దిగే ప్రతి ఏపీకే మూటా లోపల జిప్పే. కోట్లాదిమంది జేబుల్లో ఆ రెండు అక్షరాలూ తిరుగుతున్నాయి. పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇక లినక్సు సంగతి. 1992లో పీటర్ మెక్‌డొనాల్డ్ తెచ్చిన ఎస్ఎల్ఎస్ అనే సంకలనం తొలినాళ్ళలో బాగా ప్రచారం పొందింది. అందులో తప్పులూ ఎక్కువే. ఆ అసంతృప్తిలోంచి 1993లో రెండు కొత్త ప్రయత్నాలు పుట్టాయి. ఒకటి పాట్రిక్ వోల్కర్‌డింగ్ చేపట్టిన స్లాక్‌వేర్. రెండోది పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ ఆ ఏడాది ఆగస్టు 16న ప్రకటించిన డెబియన్. తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి పెట్టిన పేరది.

మర్డాక్ ఆలోచనలో కొత్తదనం ఏమిటంటే, ఒక వ్యవస్థనంతా ఒక్కరే మోయనక్కరలేదు. మూటకొక బాధ్యుడు ఉంటే చాలు. ఆ బాధ్యుడు తన మూటను నియమాల ప్రకారం కట్టి తెస్తాడు. అందరి మూటలూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఇందుకోసం డీపీకేజీ అనే పనిముట్టు తయారైంది. మొదట షెల్ స్క్రిప్టుగా, తరవాత పెర్ల్ భాషలో ఉన్న దాన్ని 1994లో ఇయన్ జాక్సన్ చాలావరకు సీ భాషలో తిరగరాశాడు.

డెబ్ మూట నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. పైగుడ్డగా ఏఆర్ అనే పాత యూనిక్సు ఆర్కైవ్. అది 1971 నాటి మొదటి యూనిక్సు కూర్పులోనే ఉంది. లోపల మూడే మూడు వస్తువులు. మొదటిది మూట రూపం ఎన్నవ కూర్పో చెప్పే చిన్న చీటీ, అందులో 2.0 అని ఉంటుంది. రెండవది కంట్రోల్ అనే చిన్న టార్ మూట. ప్రోగ్రాము పేరు, కూర్పు, బాధ్యుడి చిరునామా, దేనిదేని మీద ఆధారపడుతుందో ఆ జాబితా, ఎక్కేముందూ ఎక్కాకా దిగేముందూ దిగాకా నడపవలసిన స్క్రిప్టులూ దానిలో ఉంటాయి. మూడవది అసలు ఫైళ్ళున్న టార్ మూట. ఏ ఫైలు ఎక్కడికి చేరిందో డీపీకేజీ రాసిపెట్టుకుంటుంది. అతిథికి పోవడం కూడా వచ్చిందన్నమాట.

రెడ్ హ్యాట్ వారు ఇంచుమించు అదే కాలంలో ఆర్‌పీఎం తెచ్చారు. మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్ దాని కర్తలు. నేను ఫ్లాపీల్లో మోసుకొచ్చినది ఆ జాతి మూటే. ఆధారాల జాబితా మూటలో రాసి ఉండడం ఎంత మంచిదో, ఆ జాబితాలోని వాటిని మనమే వెతికి తెచ్చుకోవాలంటే అంత నరకం. ఈ నరకానికి విరుగుడు 1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చింది. దాని పేరు ఆప్ట్. పేరు చెబితే చాలు, ఆధారాలన్నిటినీ, వాటి ఆధారాలనూ అదే లెక్కగట్టి, నెట్ నుంచి తెచ్చి, సరైన వరసలో ఎక్కిస్తుంది. నెట్ లేని మా ఊళ్ళో ఆ విరుగుడు నా పాలిట పనికిరాలేదు గానీ, నా మూడు రోజుల తెనాలి ప్రయాణాలను అది మూడు నిమిషాలకు కుదించగలదు. సత్రాలు దారి పొడుగునా ఉన్నాయనీ, ఏ సత్రంలో ఏముందో ముందే తెలిసిన బండివాడు దొరికాడనీ అనుకోండి.

అయితే సత్రం పద్ధతి మీద డెబియన్‌కు అంత పట్టుదల దేనికి? 2002 మార్చిలో జరిగిన సంఘటన దీనికి జవాబు చెబుతుంది. జీజిప్ కర్తలిద్దరే రాసిన జెడ్‌లిబ్ అనే చిన్న లైబ్రరీలో ఒక భద్రతాలోపం బయటపడింది. ఒకసారి విడిచిన జ్ఞాపకస్థలాన్ని రెండోసారి విడవడం అనే పొరపాటది. దిద్దుబాటు కొద్ది పంక్తులే. కానీ జెడ్‌లిబ్‌ను లెక్కలేనన్ని ప్రోగ్రాములు తమ కడుపులోనే దాచుకుని ఉన్నాయి. లినక్సు కెర్నెల్‌లో కూడా దాని నకలు ఉంది. ఉమ్మడి లైబ్రరీని వాడుకునే ప్రోగ్రాములన్నీ ఒక్క మూట మార్చగానే బాగుపడ్డాయి. చద్దిమూటలో జెడ్‌లిబ్‌ను కట్టుకున్న వాటిని మాత్రం ఒక్కొక్కదాన్నే వెతికి, విప్పి, మళ్ళీ కట్టవలసివచ్చింది. నకళ్ళు మోయకండి, ఉమ్మడిది వాడుకోండి అని డెబియన్ నియమావళి నొక్కి చెప్పడం వెనుక ఇటువంటి అనుభవాలున్నాయి.

రెండో పక్షం వాదనా తక్కువది కాదు. విండోసులో ఒక ప్రోగ్రాము తెచ్చిన ఉమ్మడి డీఎల్ఎల్ మరో ప్రోగ్రాము కొంప ముంచడం మనలో చాలామందికి అనుభవమే. నెక్స్ట్ యంత్రాల్లోనూ, వాటి వారసత్వంగా మాక్ ఓఎస్ టెన్‌లోనూ ప్రోగ్రామంటే ఒక ఫోల్డరే. లాగి పడేస్తే వచ్చినట్టు, తీసి పారేస్తే పోయినట్టు. లినక్సులో ఆ సుఖం కోరుకున్న సైమన్ పీటర్ 2004లో క్లిక్ మొదలుపెట్టాడు. అదే పరిణమించి యాప్ఇమేజ్ అయింది. ముందు ఒక చిన్న ప్రోగ్రాము, దాని వెనుక కుదించిన ఫైలు వ్యవస్థ, ఈ రెండూ కలిసి ఒకే ఫైలు. నడిపితే వెనకనున్న మూట తాత్కాలికంగా తెరుచుకుంటుంది. ఒక ప్రోగ్రాము, ఒక ఫైలు. నేను తెనాలి బస్సులో కలగన్నది అచ్చంగా ఇదే.

2014లో డెబియన్ వారి వార్షిక సమావేశంలో సాక్షాత్తూ లైనస్ టోర్వాల్డ్సే ఈ గోడు వెళ్ళబోసుకున్నాడు. నీటి అడుగున ఈదే డైవర్ల కోసం తాను మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ ప్రోగ్రామును విండోసుకూ మాక్‌కూ కట్టి ఇవ్వడం తేలికనీ, లినక్సులో ఒక్కో పంపిణీకి ఒక్కో రకంగా కట్టవలసిరావడం తలనొప్పి అనీ అతని ఫిర్యాదు. అంతకు ముందు ఏడే డాకర్ వచ్చింది. తరవాత ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ వచ్చాయి. చద్దిమూట పక్షానికి మళ్ళీ మంచిరోజులు వచ్చాయి.

తెలుగువారికి ఈ తగవు కొత్తది కాదు. తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనబడిన రోజులు మరిచిపోయామా? పేజీ మన దాకా వచ్చింది, అది నమ్ముకున్న ఖతి మన ఇంట లేదు. ఆధారం లోపించిన మూటకు అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఏముంటుంది! విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, భారతీయ లిపుల సౌకర్యాన్ని సీడీ పెట్టి విడిగా ఎక్కించుకోవలసివచ్చేది. లినక్సులో ఖతి దొరికినా, ఒత్తులను కూర్చే పాంగో వంటి లైబ్రరీ సరిగా లేకపోతే అక్షరాలు విడివిడిగా నిలబడేవి. కొన్ని పత్రికలు తమ సొంత ఖతిని పేజీతోపాటే పంపేవి. అది చద్దిమూట. ఆ ఖతి తప్ప మరేదీ చదవలేని ఆ రాతలు తరవాత వెతుకులాటకు అందకుండా పోయాయి. యూనికోడు మార్గం సత్రం మార్గం. అందరూ ఒకే సంకేతాలకు కట్టుబడితే, ఖతి ఎవరిదైనా రాత నిలుస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఖతులను డెబియన్ స్వచ్ఛంద సేవకులెవరో మూటగా కట్టి భండారంలో చేర్చారు. దాన్ని ఎక్కించుకున్న రోజున మా ఇంటి తెరమీద డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. కట్టిన చేతులెవరివో నేను ఆనాడు ఆలోచించలేదు.

ఆలోచించవలసిన విషయం అదేనని తరవాతి సంఘటనలు నేర్పాయి. 2006లో డెబియన్ వారి ఓపెన్ఎస్ఎస్ఎల్ మూటను కట్టే క్రమంలో, పరీక్షించే పరికరం ఇచ్చిన హెచ్చరికను తొలగించడం కోసం రెండు పంక్తులను పక్కన పెట్టారు. యాదృచ్ఛిక సంఖ్యలకు ప్రాణం ఆ పంక్తుల్లోనే ఉంది. దాంతో ఊహకందని సంఖ్యలుండవలసిన చోట ఒక్కో రకం తాళానికి 32,768 అవకాశాలే మిగిలాయి. 2008 మేలో లూసియానో బెల్లో కనిపెట్టేదాకా, సుమారు రెండేళ్ళు, డెబియన్‌లోనూ దానిమీద ఆధారపడ్డ ఉబుంటులోనూ తయారైన తాళాలన్నీ దాదాపు తెరిచి ఉన్నట్టే. ఇందులో దురుద్దేశం లేదు. మూట కట్టేవాడి మంచిచేతి పొరపాటు.

2024లో జరిగినది దురుద్దేశమే. ఎక్స్‌జెడ్ అనే కుదింపు పనిముట్టును లాసె కోలిన్ అనే వ్యక్తి ఏళ్ళ తరబడి జీతంలేకుండా సాకుతూ వచ్చాడు. డెబ్ మూటల లోపల ఫైళ్ళను కుదించేది కూడా అదే. 2022లో, పనులు నెమ్మదిగా సాగుతున్నాయంటూ అపరిచిత పేర్లతో కొందరు అతని మీద ఒత్తిడి తెచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం వచ్చే పని కాదనీ అతడు చెప్పుకోవలసివచ్చింది. అప్పటికే సాయం చేస్తూ మంచివాడనిపించుకున్న జియా టాన్ అనే పేరుగల వ్యక్తి చేతికి క్రమంగా మూట కట్టే అధికారం వెళ్ళింది. 2024 ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చిన 5.6.0, 5.6.1 కూర్పుల్లో విషం ఉంది.

ఆ విషం దాచిన తీరు చూడండి. అసలు సరుకు పరీక్షా ఫైళ్ళ రూపంలో అందరికీ కనిపించే సోర్సు భండారంలోనే ఉంది. దాన్ని నిద్రలేపే స్క్రిప్టు మాత్రం అక్కడ లేదు. విడుదల చేసిన టార్ మూటలో మాత్రమే ఉంది. ఆ స్క్రిప్టు కూడా, తనను డెబ్ మూటగానో ఆర్‌పీఎం మూటగానో కడుతున్నారని గ్రహించినప్పుడే మేలుకునేది. లక్ష్యం దూరపు యంత్రాల్లోకి ప్రవేశం కల్పించే ఎస్ఎస్‌హెచ్ ద్వారం. ఆ ప్రోగ్రాము కర్తలు ఎక్స్‌జెడ్‌ను వాడనే వాడరు. కొన్ని పంపిణీలవారు తమ సౌకర్యానికి చేర్చుకున్న మరో లైబ్రరీ ద్వారా అది లోపలికి వచ్చింది. సత్రాల గొలుసులో ఎక్కడో ఒక వంటవాడు మారిపోయాడన్నమాట.

2024 మార్చి 29న దీన్ని బయటపెట్టినది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ అభివృద్ధికారుడు. ప్రవేశానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వుకుంటూ పోయాడు. అప్పటికి ఆ కూర్పులు డెబియన్ ప్రయోగశాఖల దాకా వచ్చాయి, స్థిరమైన విడుదలకు చేరలేదు. అర సెకను ఓపిక పట్టినవాడు అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో!

షార్ మెలిక అని చెప్పాను కదా. మూట విప్పడమంటే కట్టినవాడి మాట ప్రకారం నడవడమే అన్న సత్యం నలభై ఏళ్ళలో మారలేదు. డెబ్ మూటలోని స్క్రిప్టులు సర్వాధికారాలతో నడుస్తాయి. యాప్ఇమేజ్ తనను తానే నడుపుకుంటుంది. చద్దిమూటైతే ఒకరిని నమ్మాలి, కానీ లోపల పాచిపోయినది ఎవరూ చెప్పరు. సత్రమైతే పాచిపోయినదాన్ని ఒక్కచోట మార్చవచ్చు, కానీ వందమందిని నమ్మాలి. సంతకాలు పెట్టి మూటలను సరిచూసే పద్ధతి 2007లో వచ్చిన డెబియన్ 4.0 నాటికే ఆప్ట్‌లో ఉంది. జియా టాన్ మూట మీద కూడా సరైన సంతకమే ఉంది! సంతకం ఎవరు కట్టారో చెబుతుంది, ఏం కట్టారో చెప్పదు. అందుకే 2013 నుంచి డెబియన్ వారు ఒకే సోర్సు నుంచి ఎవరు కట్టినా బైటు తేడా లేకుండా ఒకే మూట రావాలన్న ప్రయత్నం సాగిస్తున్నారు. నా మూటా నీ మూటా సరిపోతేనే సరుకు నిజమైనది. ఎక్స్‌జెడ్ విషయంలో సోర్సు మూటే కలుషితం గనుక అది ఒక్కటే చాలేది కాదు. భండారానికీ విడుదల మూటకూ తేడా చూసే కళ్ళు కూడా కావాలి.

ఆ కళ్ళు మనుషులవి. వారిలో చాలామంది జీతంలేనివారు, అలసిపోయినవారు. ఈ చరిత్ర చదివాక ఏ పద్ధతి గెలవాలన్న ఆసక్తి నాలో తగ్గిపోయింది. రెండూ ఉంటాయి, ఉండాలి. నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. మూట కట్టేవాడు అలసిపోయినప్పుడు మనం ఏం చేస్తున్నాం? కోలిన్‌ను "ఎందుకింత ఆలస్యం?" అని నిలదీసినవారు దొంగపేర్లవారు కావచ్చు. కానీ ఆ గొంతు మనకు కొత్తగా అనిపించలేదంటే, అటువంటి మాటలు నిజమైన పేర్లతోనూ రోజూ వినబడుతున్నాయనే అర్థం.

ఇయన్ మర్డాక్ 2015 డిసెంబరు 28న, 42 ఏళ్ళకే కన్నుమూశాడు. అతను మొదలుపెట్టిన ఏర్పాటులో ప్రతి మూటలోనూ బాధ్యుడి పేరూ చిరునామా ఉంటాయని చెప్పాను. మొన్న ఒక రాత్రి, ఇన్నేళ్ళ తరవాత, నా యంత్రంలోని తెలుగు ఖతుల మూట వివరాలు తెరిచి ఆ పంక్తి చదివాను. ఆ చిరునామాకు నాలుగు వాక్యాల ఉత్తరం రాశాను. ఫిర్యాదు ఏమీ లేదు, అక్షరాలు బాగా కనిపిస్తున్నాయని మాత్రమే.

మీ యంత్రాల్లోనూ అటువంటి పంక్తులు చాలా ఉంటాయి. వీలు చూసుకుని ఒకదాన్ని తెరిచి చదవండి. ఆ మూటల గురించి మీ అనుభవాలేమైనా ఉంటే ఇక్కడ వ్యాఖ్యగా రాయండి.